మళ్లీ మళ్లీ వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్: మాత్ర కంటే ముందు సీసా

మూత్రంలో మంట మొదలైతే మన ఇళ్లల్లో జరిగేది దాదాపు ఒకటే వరస. మొదటిరోజు ‘వేడి చేసింది’ అనుకుని బార్లీ నీళ్లు, మజ్జిగ. రెండోరోజు మందుల షాపులో సిరప్పు. మూడోరోజు పోయినసారి మిగిలిన స్ట్రిప్పులోంచి రెండు మాత్రలు. మంట తగ్గుతుంది. నెలా రెండు నెలలు తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఇలా ఏడాది గడిచాక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న, ‘ఇంతకుముందు కల్చర్‌లో ఏ క్రిమి వచ్చింది?’ అని. కల్చర్ అంటే మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తుపట్టే పరీక్ష. చాలామంది దగ్గర ఆ ప్రశ్నకు జవాబుండదు. ఒక్కసారి కూడా కల్చర్ చేయించి ఉండరు మరి.

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఈ సమస్యతో ఏళ్లు లాగినవాళ్ల సీసాలు రోజూ చూస్తుంటాను. వాటిలో చాలా భాగం యాంటీబయాటిక్ మొదలుపెట్టాక తెచ్చిచ్చినవే. ఇక్కడ గట్టిగా చెప్పదలచింది ఒక్కటే: మాత్ర నోట్లో పడకముందే మూత్రం సీసాలో పడాలి. తర్వాత వేసే ప్రతి అడుగూ ఆ రిపోర్టు మీదే ఆధారపడుతుంది.

ముందుగా: ఇవి ఉంటే ఇంట్లో ఆగకండి

మంటతోపాటు వణుకుతో జ్వరం, పక్కటెముకల కింద నడుముకు ఒకవైపు నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందనే అనుకోవాలి. అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీలో రాయి ఉందని ముందే తెలిసినవాళ్లకు జ్వరం వస్తే అది గంటల లెక్కన చూడాల్సిన విషయం. రాయి దారికి అడ్డం పడి, దాని వెనక చీము నిలిచిపోతే మందులొక్కటే చాలవు, గొట్టం వేసి బయటికి తీయాలి. షుగర్ అదుపులో లేనివాళ్లలో ఈ.కోలై (మూత్ర ఇన్ఫెక్షన్లు ఎక్కువగా తెచ్చే పేగు క్రిమి) కిడ్నీ లోపలే గ్యాస్ పుట్టించే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ ఒకటుంది. మొదట్లో అది మామూలు జ్వరంలాగే కనిపిస్తుంది.

గర్భిణులు, మూడు నెలల లోపు పసిపిల్లలు, జ్వరంతో ఉన్న మగవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు కూడా ఇంటి వైద్యంతో ఆగకూడదు. మూత్రం పూర్తిగా బిగుసుకుపోయినా, నడుము నొప్పితోపాటు కూర్చునే చోట తిమ్మిరెక్కి మూత్రం వచ్చేది తెలియకపోయినా, అది వెన్నుపూసలో నరాలు నలిగిన సూచన కావచ్చు. దానికి తెల్లవారేదాకా కూడా ఆగకండి.

1. ఇది నిజంగా తిరగబెట్టే ఇన్ఫెక్షనేనా?

ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే వైద్యులు దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అంటారు. ఆ లెక్క కల్చర్‌లో రుజువైన వాటిని బట్టి వేయాలి. మంట వచ్చిన ప్రతిసారినీ అందులో కలపకూడదు.

మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపు బరువు, ఒక్కోసారి ఎర్రటి జీర. ఇవన్నీ మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు. ఆడవాళ్లలో మంటా, మాటిమాటికీ వెళ్లడమూ ఉండి, తెల్లబట్టగానీ దురదగానీ లేకపోతే అది ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం నూటికి తొంభై పైమాటే. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే మాత్రం యోనిలో ఫంగస్‌ను అనుమానించాలి. అక్కడి చర్మం ఒరుసుకుని ఉండటంతో మూత్రం తగిలినప్పుడు మండుతుంది. దానికి యాంటీబయాటిక్ వేస్తే ఫంగస్ ఇంకా పెరుగుతుంది.

వాసన మారడం, కాస్త మబ్బుగా ఉండటం మాత్రమే ఇన్ఫెక్షన్‌కు రుజువు కాదు. నీళ్లు తక్కువ తాగినా, కొన్నిరకాల తిండి తిన్నా అలా అవుతుంది.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. తేదీ, లక్షణాలు, జ్వరం ఉందా, కల్చర్‌లో ఏం వచ్చింది, ఏ మందు ఎన్నిరోజులు వాడారు, ఎన్నాళ్లకు మళ్లీ వచ్చింది. నెలసరి, భార్యాభర్తల కలయిక, దూరప్రయాణం, మలబద్ధకం లాంటివి దగ్గర్లో ఉంటే అదీ రాయండి. నాలుగైదు నెలల రాత చూస్తే డాక్టరుకు పది నిమిషాల మాటల్లో దొరకని సంగతి దొరుకుతుంది.

2. శాంపిల్ పట్టడం: ఇక్కడే సగం రిపోర్టులు పాడవుతాయి

ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ డబ్బాయే వాడాలి. కడిగి ఆరబెట్టిన మందు సీసా, జామ్ సీసా పనికిరావు. మూత మూత్రం పట్టేముందే తీయండి. లోపలి అంచును వేలితో తాకకండి, మూతను బోర్లా పెట్టకండి.

తెల్లవారి మొదటి మూత్రం మంచిది, ఎందుకంటే రాత్రంతా లోపల నిలిచి క్రిములు లెక్కకు అందేంత పెరిగి ఉంటాయి. కానీ మంటతో అరగంట కూడా ఆపుకోలేని స్థితిలో ఉంటే తెల్లవారేదాకా కాచుకోవద్దు, అప్పుడొచ్చిందే పట్టండి.

ఆడవాళ్లు మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. సబ్బు, డెటాల్ వద్దు. అవి శాంపిల్లో కలిస్తే క్రిమి ఎదగదు, రిపోర్టు అబద్ధం చెబుతుంది. రెండు వేళ్లతో యోని పెదవులు ఎడంగా పట్టి, మొదటి ధార కిందికి వదిలేయండి. ధార ఆపకుండానే డబ్బాను అడ్డం పెట్టి సగం వరకు పట్టండి. చివరిది మళ్లీ కిందికే. మగవాళ్లు ముందోలు వెనక్కి లాగి కడుక్కుని ఇలాగే పట్టాలి. నెలసరి రోజులైతే ల్యాబ్‌లో ముందే చెప్పండి.

పసిపిల్లలకు అంటించే ప్లాస్టిక్ సంచీలో పట్టినది ‘క్రిమి లేదు’ అని వస్తేనే నమ్మదగ్గది. ఉందని వస్తే చర్మం మీది క్రిమి కావచ్చు. బిడ్డ పొత్తికడుపు మీద చల్లటి నీళ్లలో తడిపిన గాజుగుడ్డతో గుండ్రంగా రుద్దుతుంటే కొందరు పిల్లలు కాసేపట్లో పోసేస్తారు. ఒకరు రుద్దుతుంటే ఇంకొకరు డబ్బా పట్టుకుని సిద్ధంగా ఉండాలి. మూత్రానికి గొట్టం (క్యాథెటర్) వేసిన పెద్దవాళ్లకైతే కింద వేలాడే సంచీలోంచి ఎప్పుడూ తీయకూడదు. గొట్టానికి ఉన్న పోర్టులోంచి నర్సు తీయాలి. గొట్టం వేసి రెండు వారాలు దాటితే కొత్తది వేశాక తీయడమే మేలు.

తర్వాత సమయం. ఈ.కోలైకి వెచ్చదనం, తిండి దొరికితే ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతుంది. మన మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టిన డబ్బా దానికి చక్కటి చోటు. అందుకే రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. కుదరకపోతే శుభ్రమైన కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. 24 గంటల్లోపు ఇచ్చేయాలి. ఫ్రిజ్‌లో పెట్టిన సంగతీ, ఇప్పటికే ఏదైనా యాంటీబయాటిక్ వేసుకుని ఉంటే దాని పేరూ తప్పకుండా చెప్పండి. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. మాకు ఆ సమాచారం కావాలి.

మీ సీసా మా దగ్గరికి వచ్చాక జరిగేది ఇది. మిల్లీలీటరులో వెయ్యోవంతు మాత్రమే పట్టే సన్నటి లూప్‌తో మూత్రాన్ని తీసి, ఆకుపచ్చగా మెరిసే ప్లేటు మీద అడ్డదిడ్డంగా గీస్తాం. రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతాం. ఈ.కోలై ఉంటే పొద్దున్నకల్లా ప్లేటంతా పసుపుపచ్చగా మారి, గుండ్రటి గుత్తులు కనిపిస్తాయి. వంద గుత్తులుంటే మిల్లీలీటరుకు లక్ష క్రిములని లెక్క. ఆ క్రిమిని వేరుచేసి, ఏయే మందుకు చస్తుందో చూడటానికి ఇంకో రోజు. రిపోర్టుకు రెండు మూడు రోజులు పట్టేది అందుకే.

3. రిపోర్టు చదవడం

యూరిన్ రొటీన్ పరీక్షలో ‘పస్ సెల్స్’ (చీము కణాలు) ఐదుకు మించితే లోపల వాపు ఉన్నట్టు. వాపు ఉందంటే క్రిమి ఉన్నట్టే అనుకోవద్దు. రాయి, తెల్లబట్ట, టీబీ కూడా వాటిని పెంచుతాయి. ‘ఎపిథీలియల్ సెల్స్’ ఎక్కువగా ఉన్నాయంటే శాంపిల్లో చర్మం నుంచి వచ్చినవి కలిశాయని అర్థం. నైట్రైట్ పాజిటివ్ వస్తే క్రిమి ఉండటానికే ఎక్కువ అవకాశం. నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదనుకోకూడదు, ఎందుకంటే ఎంటెరోకాకస్ లాంటి కొన్ని క్రిములు నైట్రైట్‌ను తయారు చేయవు.

కల్చర్‌లో ‘మిక్స్‌డ్ గ్రోత్’ అని రాస్తే శాంపిల్ కలుషితమైందని అర్థం. దాన్నిబట్టి మందు మొదలుపెట్టడం తప్పు, మళ్లీ సరిగ్గా పట్టివ్వాలి. లక్ష అనేది పాత గీత. మంట స్పష్టంగా ఉన్న ఆడవాళ్లలో వెయ్యి క్రిములు కూడా అసలు ఇన్ఫెక్షనే కావచ్చు. కాబట్టి లక్షణాలున్నాయా లేవా అన్నది ఫారం మీద రాయించండి.

కింద మందుల జాబితాలో ‘ఎస్’ అంటే క్రిమి లొంగుతుంది, ‘ఆర్’ అంటే లొంగదు. జాబితాలో మొదట ఉన్న ‘ఎస్’ మందు కొనేయడం మాత్రం వద్దు. ఉదాహరణకు నైట్రోఫ్యూరంటాయిన్ మూత్రాశయంలో అద్భుతంగా పనిచేస్తుంది, కిడ్నీ కండలోకి చాలినంత చేరదు. జ్వరమున్న మనిషికి అది ‘ఎస్’ అని ఉన్నా సరైన మందు కాదు. ‘ఈఎస్‌బీఎల్’ అని రాసి ఉంటే ఆ క్రిమి సెఫిక్సిమ్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైమ్‌ను తయారుచేస్తోందన్నమాట.

ఇంకొకటి, నాకు చాలా బాధ కలిగించేది. ఏ లక్షణమూ లేని మనిషికి హెల్త్ చెకప్‌లో క్రిమి కనబడిందని కోర్సుల మీద కోర్సులు వాడించడం. పెద్దవయసు వాళ్లలో, షుగరున్న వాళ్లలో ఏ బాధా పెట్టకుండా మూత్రంలో క్రిములుండటం మామూలే. గర్భిణులకు, మూత్రనాళంలో రక్తం వచ్చేలా చేసే ఆపరేషన్‌కు ముందు తప్ప దానికి మందు అక్కర్లేదు. వాడితే మంచి క్రిములు పోయి మొండివి మిగులుతాయి. అలాగే కోర్సు అయ్యాక బాధ తగ్గిపోతే ‘క్లియర్ అయిందా’ అని మళ్లీ కల్చర్ చేయించడం కూడా గర్భిణులకు తప్ప అనవసరం.

4. ఇప్పుడున్న మంటకు

శాంపిల్ ఇచ్చాక రిపోర్టు వచ్చేదాకా బాధపడుతూ కూర్చోనక్కర్లేదు. డాక్టరు అంచనాతో మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తారు. జ్వరం లేని మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు ఆడవాళ్లలో మొదటి వరస మందులు నైట్రోఫ్యూరంటాయిన్ ఐదు రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి ఒక్కసారి. మగవాళ్లకు సాధారణంగా ఏడు రోజులు. మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్‌లకు ఈ.కోలై చాలాచోట్ల లొంగడం మానేసింది. షాపులో చేతికందినట్టు ఇచ్చేది తరచూ ఆ రకమే.

నైట్రోఫ్యూరంటాయిన్‌ను తిండితో వేసుకోవాలి. మూత్రం గోధుమరంగులో వస్తే భయపడొద్దు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపమున్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు వాడకూడదు. కిడ్నీ పని బాగా తగ్గినవాళ్లలో అది మూత్రంలోకి చాలినంత చేరదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతంవాళ్లు, బీపీ షుగర్లున్నవాళ్లు మందుకు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఒకసారి చూపించుకోవాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. నొప్పికి పారాసెటమాల్ చాలు.

మంట తగ్గడానికి షాపుల్లో ఇచ్చే తియ్యటి సిరప్ మూత్రంలో పులుపును తగ్గించి ఉపశమనం ఇస్తుంది. క్రిమిని చంపదు. పైగా నైట్రోఫ్యూరంటాయిన్ పులుపున్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది కాబట్టి ఆ రెండూ కలిపి వాడటం మంచిది కాదు. ఈ సంగతి చీటీ రాసేవాళ్లు కూడా కొన్నిసార్లు చూసుకోరు, మీరు అడగండి. బార్లీ నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగండి. వాటివల్ల లోపలికి నీళ్లు వెళ్తాయి, అదే లాభం. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్లు డాక్టరును అడిగే తాగాలి.

48 గంటల్లో తేడా కనబడకపోతే రిపోర్టు పట్టుకుని మళ్లీ వెళ్లండి. మాత్రలు మిగిలితే దాచుకోవద్దు.

5. పాత క్రిమా, కొత్త క్రిమా?

రెండో మూడో రిపోర్టులు చేతికొచ్చాక వాటిని పక్కపక్కన పెట్టండి. కోర్సు అయిన రెండు వారాల్లోపే అదే క్రిమి, అవే ‘ఎస్’, ‘ఆర్’లతో వస్తే అది లోపలెక్కడో దాక్కుని తిరిగొచ్చిందని అనుమానించాలి. రాయి, మగవాళ్లలో ప్రోస్టేట్, మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవడం లాంటి కారణం వెతకాలి. ప్రోటియస్ అనే క్రిమి పదేపదే వచ్చి, మూత్రం పీహెచ్ 7 దాటుతూ, ఘాటైన అమ్మోనియా వాసన వేస్తుంటే కిడ్నీలో కొమ్ముల ఆకారంలో పెరిగే రాయి ఉందేమో చూడాల్సిందే. ఆ రాయిని తీయకుండా ఎన్ని యాంటీబయాటిక్‌లు మింగినా ఫలితముండదు.

నెలల తేడాతో వేరు వేరు క్రిములు, లేదా వేరు రకం ఈ.కోలై వస్తుంటే అవి బయటి నుంచి కొత్తగా ఎక్కుతున్నవి. ఆడవాళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. వాళ్ల మూత్రనాళం నాలుగు సెంటీమీటర్లే, మలద్వారం పక్కనే ఉంటుంది. ఇది శరీర నిర్మాణం. శుభ్రత లేకపోవడం అని ఎవరైనా అంటే వాళ్ల మాట పట్టించుకోకండి.

6. ఎవరిలో ఏది వెతకాలి

వయసులో ఉన్న ఆడవాళ్లలో చాలామందికి కలయిక తర్వాత ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది. సిగ్గుపడి చెప్పకపోవడంతో ఏళ్లు గడిచిపోతాయి. ఇది భర్త నుంచి అంటిన జబ్బు కాదు, అతనికి మందులక్కర్లేదు, ఎవరి నడతకూ దీంతో సంబంధం లేదు. కలయిక అయ్యాక మూత్రానికి వెళ్లడంలో నష్టం లేదు. వీర్యకణాలను చంపే క్రీములు వాడుతుంటే మానేయాలి.

నెలసరి ఆగిపోయినవాళ్లలో ఈస్ట్రోజెన్ తగ్గి, యోనిలో కాపుకాసే లాక్టోబాసిల్లస్ క్రిములు పోతాయి. పొడిబారడం, మంట, ఆపుకోలేకపోవడం, ఆపైన ఇన్ఫెక్షన్. వీళ్లకు యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము ఉంది. 1993లో అచ్చయిన ఒక ప్రయోగంలో అది వాడినవాళ్లకు ఏడాదికి సగటున 0.5 ఇన్ఫెక్షన్లు వస్తే, వాడనివాళ్లకు 5.9 వచ్చాయి. ఇంత మేలు చేసేది మన అమ్మలకు, అత్తలకు ఎవరూ రాయకపోవడం చూస్తే కోపం వస్తుంది. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ముందు క్యాన్సర్ డాక్టరును అడగాలి.

షుగరున్నవాళ్లు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతుంటే, అవి చక్కెరను మూత్రంలోకి పంపి పనిచేస్తాయి కాబట్టి, ఆ చోట ఫంగస్ దురద ఎక్కువగా వస్తుంది. దాన్ని మూత్ర ఇన్ఫెక్షన్ అనుకోవడం తరచూ చూస్తాం. మాత్ర మీరే ఆపేయకండి, దురద సంగతి షుగర్ డాక్టరుకు చెప్పండి.

మగవాళ్లలో ఒక్కసారి వచ్చినా కారణం వెతకాలి. యాభై దాటితే ప్రోస్టేట్. స్కానింగ్ చీటీలో ‘కేయూబీ (అంటే కిడ్నీలు, వాటి నాళాలు, మూత్రాశయం), మూత్రం పోసాక మిగిలింది ఎంత’ అని రెండూ రాయించండి. ఆ రెండో కొలత లేని స్కాన్ సగమే. పిల్లల్లో ముందుగా మలబద్ధకం, బడిలో మూత్రం బిగపట్టుకోవడం అడగాలి. జ్వరంతో ఇన్ఫెక్షన్ వచ్చిన పసిపిల్లలకు మూత్రం కిడ్నీలోకి వెనక్కి ఎగదన్నుతోందేమో పిల్లల డాక్టరు చూస్తారు.

7. మళ్లీ రాకుండా

నీళ్లతో మొదలుపెట్టండి. రోజుకు లీటరున్నర కంటే తక్కువ తాగే 140 మంది ఆడవాళ్లతో జరిగి 2018లో అచ్చయిన అధ్యయనంలో, అదనంగా లీటరున్నర తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు, తాగనివాళ్లకు 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. మాత్ర లేకుండా సగం తగ్గిందన్నమాట. గుండె, కిడ్నీ జబ్బులవాళ్లకు ఇది వర్తించదు, వాళ్లకు డాక్టరు చెప్పిన కొలతే.

అయితే నీళ్లు తాగమని చెప్పడం తేలిక. బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయి, మిరప చేలో కూలికెళ్లే ఆమె, దూరం బస్సులో వెళ్లే టీచరు నీళ్లు తాగనిది తెలియక కాదు, వెళ్లడానికి చోటు లేక. యజమానులు, బడుల పెద్దలు ఇది చదువుతుంటే తాళం లేని, నీళ్లున్న ఒక మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. ఏ మందూ దానికి సాటిరాదు. అది లేనంతకాలం పనికి బయల్దేరేముందు, మధ్యాహ్నం, తిరిగొచ్చాక ఎక్కువ తాగి, మూడు నాలుగు గంటలకోసారి వెళ్లే వీలు చూసుకోవాలి.

మలబద్ధకం పోగొట్టుకోండి. లోపల కడిగే సువాసన ద్రావకాలు, డెటాల్ నీళ్లు మానేయండి. అవి కాపుకాసే క్రిములనే చంపుతాయి.

క్రాన్‌బెర్రీ తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో, పిల్లల్లో కొంత తగ్గిస్తుందని 2023 నాటి కాక్రేన్ సమీక్ష (ఎన్నో అధ్యయనాలను కలిపి చూసేది) చెప్పింది. డబ్బాల్లో దొరికే తియ్యటి జ్యూస్ కాకుండా క్యాప్సూల్ చూసుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ వాడేవాళ్లు అడక్కుండా తీసుకోవద్దు. ఇన్ఫెక్షన్ రాకుండా ఆపుతుందని అమ్మే ఖరీదైన డి-మానోజ్ (ఒకరకం చక్కెర) పొడి మీద 2024లో బ్రిటన్‌లో 598 మందితో జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి పొడి తీసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. ఆ డబ్బు కల్చర్ పరీక్షకు పెట్టుకోండి.

ఇవి చాలకపోతే మెథనమైన్ హిప్పురేట్ గురించి డాక్టరును అడగండి. ఇది యాంటీబయాటిక్ కాదు, పులుపున్న మూత్రంలో క్రిములను చంపే పదార్థంగా మారుతుంది. 2022లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, 240 మంది ఆడవాళ్లలో, రోజువారీ యాంటీబయాటిక్‌కు దీటుగానే నిలిచింది. దీంతో కూడా ఆ మంట సిరప్ తాగకూడదు. కలయికతోనే వచ్చేవాళ్లకు అప్పుడు ఒక్క మోతాదు యాంటీబయాటిక్ సరిపోవచ్చు. మూడు నుంచి ఆరు నెలలు రోజూ చిన్న మోతాదు అనేది చివరి మెట్టు. వాడినన్నాళ్లు పనిచేస్తుంది, ఆపాక చాలామందికి తిరిగొస్తుంది. నైట్రోఫ్యూరంటాయిన్‌ను అలా నెలలు వాడేటప్పుడు పొడిదగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. ఊపిరితిత్తుల మీద దాని ప్రభావం అలా మొదలవుతుంది.

8. మంట ఉంది, కల్చర్‌లో ఏమీ లేదు

సరిగ్గా పట్టి, మందు వేసుకోకముందు ఇచ్చిన రెండు శాంపిళ్లలోనూ క్రిమి రాకపోతే మూడో యాంటీబయాటిక్ కోర్సు వద్దు. దారి మార్చాలి.

పస్ సెల్స్ బాగా ఉండి కల్చర్ ఖాళీగా వస్తుంటే మన దేశంలో ముందు గుర్తు రావాల్సింది మూత్రనాళాల టీబీ. టీబీ క్రిమి మామూలు ప్లేటు మీద పెరగదు. వరసగా మూడు రోజులు తెల్లవారి మొదటి మూత్రం పూర్తిగా పట్టి టీబీ పరీక్షలకు పంపాలి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం లేకపోయినా ఇది ఉండొచ్చు. క్లమీడియా, గనేరియా లాంటివి కూడా మామూలు కల్చర్‌లో దొరకవు. కొత్త భాగస్వామి ఉన్నా, మూత్రనాళం నుంచి చీములా కారుతున్నా సంకోచించకుండా ఆ పరీక్షలు అడగండి.

మూత్రం నిండేకొద్దీ పొత్తికడుపులో నొప్పి పెరిగి, పోసాక కాసేపు నెమ్మదించి, ఇలా ఆరు వారాలు దాటితే అది మూత్రాశయ నొప్పి జబ్బు కావచ్చు. నొప్పి నిజం, క్రిమి లేదు. కాఫీ, టీ, కారం, పులుపు ఒక్కొక్కటే రెండు వారాలు మానేసి చూస్తే ఏది రేపుతోందో తెలుస్తుంది. కటి కండరాలు బిగుసుకుని ఉంటే ఫిజియోథెరపీతో మేలు చాలామందికి కనిపిస్తుంది. నొప్పి లేకుండా ఒక్కసారిగా ఆపుకోలేనంత తొందర వస్తుంటే అది మూత్రాశయం అతిగా ముడుచుకోవడం. దానికి మందులు, అలవాటు శిక్షణ వేరే ఉన్నాయి.

9. విడ్డూరంగా కనిపించేవి

బీట్‌రూట్ తింటే ఎర్రగా, బి-కాంప్లెక్స్ వేసుకుంటే ముదురు పసుపుగా, టీబీ మందు రిఫాంపిసిన్‌తో నారింజ రంగులో రావడం మామూలే. కానీ నొప్పి లేకుండా ఎర్రగా రక్తం పడితే, ఒక్కసారే పడి ఆగిపోయినా, వదిలేయకండి. ముఖ్యంగా నలభై దాటినవాళ్లు, సిగరెట్, చుట్ట, బీడీ తాగేవాళ్లు, రంగుల పరిశ్రమల్లో పనిచేసినవాళ్లు. మూత్రాశయ క్యాన్సర్ తరచూ అలాగే మొదలవుతుంది. ‘ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది’ అని మందు ఇచ్చి పంపితే, తగ్గాక మళ్లీ మూత్ర పరీక్ష చేసి రక్తం పోయిందో లేదో చూడమని అడగండి.

పాలలా తెల్లగా వచ్చే మూత్రం మన కోస్తా జిల్లాలవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే శోషనాళాలను అడ్డగించి, పేగుల నుంచి కొవ్వు మోసే ద్రవం మూత్రంలోకి కారేలా చేస్తుంది. కాళ్లు వాయకపోయినా ఇది రావచ్చు. నూనె, నెయ్యి ఎక్కువ తిన్న రోజు మరీ తెల్లగా ఉండటం, ఒక్కోసారి జెల్లీ ముక్కల్లా పడటం గుర్తులు. చీము అనుకుని యాంటీబయాటిక్ ఇస్తే తగ్గదు. మూత్రంలో ట్రైగ్లిజరైడ్స్ పరీక్ష చేయమనండి. మూత్రంలో ఫాస్ఫేట్ ఎక్కువై తెల్లబడిందైతే ల్యాబ్‌లో రెండు చుక్కల యాసిడ్ వేయగానే తేటపడుతుంది, కొవ్వుదైతే తేటపడదు.

మూత్రంతోపాటు గాలి బుడగలు, మలం వాసన వస్తే పేగుకూ మూత్రాశయానికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. కష్టమైన కాన్పు, గర్భసంచి ఆపరేషన్ తర్వాత పగలూ రాత్రీ ఆగకుండా మూత్రం కారుతుంటే అది కూడా రంధ్రమే. ఆపరేషన్‌తో బాగవుతుంది, ఇంట్లో దాచుకుని కుమిలిపోవాల్సిన పని లేదు. నురగ నిలకడగా ఉంటే ప్రోటీన్ పరీక్ష చేయించాలి.

10. యూరాలజిస్టు దగ్గరికి

హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్‌లలో యూరాలజీ విభాగాలున్నాయి. వెళ్లేముందు ఇంట్లో మూడు రోజుల లెక్క రాయండి. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూంలో పెట్టుకుని, ఎన్ని గంటలకు ఎన్ని మిల్లీలీటర్లు పోసారు, ఏం తాగారు, ఎప్పుడు కారిపోయింది, రాత్రి ఎన్నిసార్లు లేచారు అన్నీ రాయాలి. రోజంతా కలిపి మూడు లీటర్లు దాటుతుంటే షుగర్ చూడాలి. పెద్దవాళ్లలో రోజు మొత్తంలో మూడోవంతుకు మించి రాత్రిపూటే వస్తుంటే సమస్య మూత్రాశయంలో కాకుండా కాళ్ల వాపులోనో, గుండెలోనో, నిద్రలోనో ఉండొచ్చు.

ఆ లెక్క, కల్చర్ రిపోర్టులన్నీ తేదీల వరసలో, స్కాన్, ఇప్పుడు వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్పులు (బీపీవి, షుగర్‌వి, ఆయుర్వేదం, హోమియో సహా) ఒక ఫైల్లో పెట్టుకోండి. ధార వేగం కొలిచే యంత్రం పరీక్ష చేస్తారు కాబట్టి ఇంటి దగ్గర మూత్రానికి వెళ్లి బయల్దేరవద్దు. ఓపీలో చీటీ రాయించుకోగానే నీళ్లు తాగి, నిండినట్టు అనిపించినప్పుడు కౌంటర్లో చెప్పండి.